అప్పటికి ఉంది

పర్లాకిమిడిలో, రైలు గేటు దాటాక మూడో సందులో
మా వంటింటి గోడకి ఒక తెర పెట్టాను.
టీవీలా వెలిగే తెర కాదు, కాగితం లాంటిది.
సిరా గింజలు లోపల దొర్లి, ఆగి, మాటలవుతాయి.
బరంపురంలో మూతపడ్డ బట్టల కొట్లో
చీరల ధరలు చెప్పి చెప్పి మూలపడింది,
నాలుగొందలకి తెచ్చాను.

అగ్గిపెట్టంత బోర్డు.
నా రిపేరు కొట్లో ఎవరూ తిరిగి అడగని చార్జర్ల తీగలు.
ట్యాంకు మూతకి వేలాడే సెన్సరు
నీటి మీదకి ఓ కూత వేసి
అది తిరిగొచ్చేదాకా లెక్కపెడుతుంది.
చట్రం పక్కింటి మహారణా చేశాడు,
కొమ్ముతో కొంగల్ని చెక్కే మనిషి.
"దీనికి కళ్ళు పెట్టాలా?" అనడిగాడు.

ప్లగ్గు దగ్గర సమంగా ఉన్న గోడ అదొక్కటే.
అక్కడ వదిన పాల గీతలుండేవి,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
గ్యాసు బండ మార్చిన తేదీ, ఎవరిదో ఫోన్ నంబరు.
తడిగుడ్డ పెట్టి తుడిచేశాను.
వదిన ఏమీ అనలేదు.
ఏమీ అనకపోవడం ఆవిడకి బాగా వచ్చు.

తెరకి ఇంగ్లీషు వచ్చు.
తెలుగు పంపితే, నీళ్ళు కాస్తా
నీ ఒకచోట, ళ ఒకచోట, మధ్యలో చుక్కల సున్నా,
ఒత్తు ఎటో జారిపోయింది.
నేను చదివింది ఒడియా బడి,
నా రాత కూడా ఇంచుమించు అంతే.
వదినది టెక్కలి. గ్యాసు బిల్లు వెనక
తొమ్మిది మాటలు రాయించుకున్నాను,
నీళ్ళు, కరెంటు, తలుపు, ఉంది, లేదు...
ఫోటో తీసి, అంచులు కోసి, నలుపు తెలుపు చేసి
తెరకి తినిపించాను.
పై అక్షరం కన్నా లావైన ఆవిడ ఒత్తులతో
ఇల్లు మాట్లాడింది.

అక్టోబరులో గాలివాన.
ఏడూ పదికి కరెంటు పోయింది.
పెరటి తలుపు పై రెక్క ఊడి మహేంద్రతనయ వైపు ఎగిరిపోయింది.
కొవ్వొత్తి ఎత్తి చూస్తే తెర మీద:
కరెంటు ఉంది.
తలుపు మూసి ఉంది.
నీళ్ళు ముప్పాతిక.

"మాట మార్చడానికే దానికి కరెంటు కావాలి వదినా,
నిలబెట్టుకోడానికి అక్కర్లేదు."
"మీ అన్నలాగే," అంది.
కాసేపాగి,
"నా చేతి రాతతో అబద్ధమాడిస్తావే గుంటా?"

సుద్దముక్క వెతికి కింద గోడ మీద రాసింది:
లేదు.

నాలుగు రోజులు ఆ గోడే.
నీళ్ళు రెండు బిందెలు.
కొవ్వొత్తులు ఒకటిన్నర.
మహారణా ఇంటి రేకులు పోయాయి,
ఐదుగురు మనింట్లో పడుకుంటారు.
గేటు దగ్గర చెట్టు కోస్తున్నారు.
చెంగుతో తుడిచేది, మళ్ళీ రాసేది.
ఒకటిన్నర అని చెప్పే సెన్సరు
నా దగ్గర లేదు.
పైన తెర మాత్రం
ఏడూ పది దగ్గరే కూర్చుని ఉంది, కొమ్ము చట్రంలో,
ఏ దిగులూ లేకుండా.

ఐదో రోజు ముందు ఫ్యాను తిరిగింది.
తెర నల్లబడి, తెల్లబడి, మళ్ళీ నల్లబడి
తేలింది: ఉంది.
అదే మాట, అదే ఒంపు.
నిన్నటి ఉందికీ ఇవాళ్టి ఉందికీ తేడా
మీరెవరైనా చెప్పండి చూద్దాం.
వదిన మిక్సీ వేసి విని
అప్పుడు తుడిచింది కింద లేదుని.

రాత్రి గ్యాసు బిల్లు పట్టుకెళ్ళాను.
"ఇంకొక్క మాట రాసిపెట్టు."
"ఏంటది?"
"అప్పటికి."
రాసింది. ఒత్తు ఎప్పట్లాగే లావు.

ఇప్పుడు మా ఇంట్లో
కరెంటు అప్పటికి ఉంది,
నీళ్ళు అప్పటికి సగం,
పక్కన చిన్నగా గంటా నిమిషం.

పాలు మాత్రం తెరలో పెట్టొద్దంది.
బైరాగి గౌడకి ఒడియా రాదు, తెలుగూ రాదు,
గుమ్మంలోంచి తొంగిచూసి
గీతలు లెక్కపెట్టుకుంటాడు.
ఈ నెల పదమూడు.